బదిలీ అప్పు ఉన్న కార్డు మీద కొత్తగా ఏమీ కొనొద్దు

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత క్రెడిట్ కార్డులోని 60,000 బాకీని కొత్త క్రెడిట్ కార్డుకి మార్చుకున్నానని, ఆరు నెలలు వడ్డీ లేదన్నారని రాశావు. మంచి పనే చేశావు. పాత కార్డులో నూటికి మూడున్నర లెక్కన నెలకు 2,100 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 378 పోతుండేది. అది ఆగింది. కానీ అదే కొత్త కార్డుతో ఒంగోలు ట్రంకు రోడ్డులో 12,000 పెట్టి వాషింగ్ మెషీన్ తీసుకుంటానన్నావే, అది మాత్రం వద్దు అబ్బయా.

వడ్డీ లేదన్న మాట బదిలీ అయిన అరవై వేలకే వర్తిస్తుంది. కొత్తగా కొన్నదానికి కార్డు మామూలు వడ్డీ పడుతుంది. వడ్డీ పడకుండా నలభై యాభై రోజుల గడువు ఉంటుంది కదా అంటావేమో. కిందటి బిల్లు పైసా మిగలకుండా కట్టిన వాళ్లకే ఆ గడువు. నీ కార్డులో అరవై వేలు బాకీగా కూర్చున్నంతకాలం పూర్తిగా కట్టినట్టు కాదు. కాబట్టి మెషీన్ కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. నూటికి మూడున్నర అంటే ఏడాదికి 42. పన్నెండు వేలకు రోజుకు 13 రూపాయల 80 పైసలు, నెలకు 414, జీఎస్టీతో దాదాపు 489. మన పక్క ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీ అంటేనే గుండెలు బాదుకుంటాం, ఇది మూడున్నర.

అసలు చిక్కు నువ్వు కట్టే డబ్బు దేనికి జమ అవుతుందన్న దగ్గర ఉంది. చాలా కార్డుల షరతుల్లో వరస దాదాపు ఇలా ఉంటుంది: ముందు పన్నులు, కిస్తీలు, చార్జీలు, తర్వాత వడ్డీ, ఆ తర్వాత బదిలీ బాకీ, దాని వెనక కొనుగోళ్లు, చివర ఏటీఎంలో తీసిన నగదు. అంటే వడ్డీ లేని బాకీ ముందు తీరుతుంది, మూడున్నర వడ్డీది వెనక మిగిలిపోతుంది. "ఈ నెల పన్నెండు వేలు ఎక్కువ కట్టి మెషీన్ బాకీ తీర్చేస్తా" అంటే కుదరదు. ఆ పన్నెండు వేలూ అరవై వేలల్లోనే తరుగుతాయి.

నెలకు పదివేలు చొప్పున ఆరు నెలల్లో తీర్చాలన్నది నీ లెక్క. అందులోంచి మెషీన్ వడ్డీకి ఆరు నెలల్లో 2,930 దాకా పోతుంది, అదీ చక్రవడ్డీ కలపకుండా. బదిలీ ఫీజు రెండు శాతమైతే 1,200, జీఎస్టీ 216. వెరసి ఆరో నెల చివర బదిలీ బాకీలోనే నాలుగు వేల పైన మిగిలి, అదీ మూడున్నరలోకి వెళ్తుంది. మెషీన్ తాలూకు పన్నెండు వేలు అలాగే ఉంటాయి.

బ్యాంకుకి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడుగు: "స్టేట్‌మెంట్‌లో టోటల్ అమౌంట్ డ్యూ (ఈ బిల్లుకు కట్టాల్సిన మొత్తం) కింద బదిలీ మొత్తమంతా వస్తుందా, ఈ నెల కిస్తీ ఒక్కటే వస్తుందా?" కొన్ని బ్యాంకులు బదిలీని ఈఎంఐగా చేసి ఇస్తాయి. అప్పుడు ఆ నెల కిస్తీ, ఆ నెల కొనుగోళ్లు కలిపి చూపిన మొత్తం గడువులోపు కట్టేస్తే కొనుగోళ్లకు మామూలుగా వడ్డీ పడదు. మొత్తమంతా వస్తుందంటే పైన రాసిన చిక్కు నీదే. ఫోన్లో చెప్పినదాన్ని నమ్మి ఊరుకోకుండా ఆ జవాబు మెయిల్లో తెప్పించుకో.

తెలిసి కొనేవాటికంటే తెలియకుండా పడేవి ప్రమాదం. ఫోన్ రీచార్జి, కరెంటు బిల్లు, సినిమా యాప్ చందా ఈ కార్డుకి ఆటో డెబిట్ పెట్టి ఉంటే ఇవాళే తీసెయ్. రూపే కార్డయి యూపీఐకి కలిపి ఉంటే, టీకొట్టు దగ్గర స్కాన్ చేసిన పదిహేను రూపాయలు కూడా ఇందులోనే పడొచ్చు. ఆ లింకూ తీసెయ్. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్, దుకాణం, కాంటాక్ట్‌లెస్, ఏటీఎం వాడకానికి విడివిడిగా స్విచ్చులుంటాయి, అన్నీ ఆపేసుకో. ఏటీఎంలో నగదు తీస్తే ఏ కార్డుకైనా ఒక్కరోజు గడువు కూడా ఉండదు, పైగా ఫీజు.

కొనడం అప్పుడే అయిపోయి ఉంటే, వాపసు ఇవ్వగలిగితే ఇచ్చెయ్. లేదంటే ఆ పన్నెండు వేలను తక్కువ వడ్డీకి ఈఎంఐ చెయ్యమని అడుగు. కిస్తీలు జమ వరసలో ముందుంటాయి కాబట్టి అదీ తీరుతూ వస్తుంది. ఫీజు ఎంతో కనుక్కున్నాకే ఒప్పుకో.

గడువుకు మూడు రోజుల ముందే కట్టు. ఒక్క కిస్తీ తప్పితే వడ్డీ లేని రాయితీ రద్దు చేసే షరతు ఉండొచ్చు. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమని చూపిన మొత్తం, కడితే ఆలస్య రుసుము తప్పుతుందంతే, కొనుగోలు మీద వడ్డీ ఆగదు.

పాత కార్డు సంగతీ చూడు. చివరి బిల్లు తేదీకి, బదిలీ డబ్బు జమ అయిన రోజుకి మధ్య వడ్డీ తర్వాతి బిల్లులో కొద్దిగా వస్తుంది. అది వదిలేస్తే ఆలస్య రుసుము తోడవుతుంది. ఆ బిల్లు కూడా పూర్తిగా కట్టి, తర్వాతి స్టేట్‌మెంట్‌లో సున్నా చూశాక, మెషీన్ ఆ కార్డు మీద తీసుకో. అంతదాకా ఇంటి సరుకులు డెబిట్ కార్డుతోనే కానివ్వు.

ఇట్లు,
మామయ్య