గల్లా జానపద కళ ఒక చిన్న దీవిలో ఎలా నిలిచింది?

అమెరికాలో సౌత్ కరోలినా తీరాన ఉన్న సెయింట్ హెలీనా దీవినే తీసుకుందాం. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ల సంతతే గల్లాలు. 1861లో, అమెరికా అంతర్యుద్ధంలో, యూనియన్ (ఉత్తర రాష్ట్రాల) సైన్యం రాగానే తోటల యజమానులు పారిపోయారు. తర్వాత ఇక్కడి గల్లాలు చాలామంది సొంత భూమి కొనుక్కున్నారు. 1927 వరకు దీవికి వంతెన లేదు. అందుకే ఇంగ్లీషు, ఆఫ్రికా భాషలు కలిసిన వాళ్ల మాటా, అలవాట్లూ చెదరలేదు. నా దృష్టిలో అసలు కారణం మాత్రం భూమే.

గల్లా కళల్లో బుట్టల అల్లిక బాగా పేరున్నదే. గడ్డిని తాడులా చుట్టలు చుట్టి, ఒక రకం తాటాకు చీలికలతో కుడతారు. వరి తూర్పారబట్టే వెడల్పు బుట్టను చూస్తే మన చేటే గుర్తొస్తుంది.

నాకు ఎక్కువ ఇష్టం ఈ దీవి చిత్రకారుడు శామ్ డోయల్ (1906-1985). బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం 1862లో మొదలైన అక్కడి పెన్ స్కూల్లో చదువుకున్నాడు. పాత కప్పు రేకుల మీద, ఇళ్లకు వేసే మామూలు పెయింటుతో, దీవి మనుషులనే గీశాడు: మొదటి నల్లజాతి మంత్రసాని, వేరు మందుల వైద్యుడు డాక్టర్ బజర్డ్. ఆ బొమ్మల్ని తన పెరట్లోనే నిలబెట్టాడు. అంటే ఊరివాళ్లకు తమ చరిత్ర దారిలోనే కనిపించేది. 1982లో వాషింగ్టన్‌లోని కోర్కోరన్ గ్యాలరీ ప్రదర్శనతో బయటివాళ్లకూ ఆయన తెలిశాడు.

తలుపులకు, కిటికీ చట్రాలకు వేసే నీలిరంగు కూడా ఈ సంప్రదాయంలోదే. అది దెయ్యాల్ని ఇంట్లోకి రానివ్వదని పాత నమ్మకం.