తల తిరిగిన తీగ (2)

పాఠకుల ప్రశ్నలు, పజిల్ శీర్షిక జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు రిటైరయ్యాక రోజూ పేపర్లో గళ్ల నుడికట్టు (క్రాస్‌వర్డ్) పది నిమిషాల్లో నింపేసి పక్కన పడేస్తున్నారు. ఈ మధ్య మనుషుల పేర్లు మర్చిపోతున్నారు. పజిల్స్ చేస్తే మతిమరుపు రాదంటారు, నిజమేనా? ఇంకా కష్టమైనవి ఇవ్వమంటారా?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

ముందు రెండోదానికి చెప్తానమ్మా. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. పది నిమిషాల్లో అయిపోతోందంటే ఆ ఆధారాలన్నీ ఆయనకి కంఠతా వచ్చేశాయన్నమాట. 'ఏనుగు (2)' అని చూడగానే (బ్రాకెట్లో అంకె జవాబుకి ఎన్ని గళ్లో చెప్తుంది) చెయ్యి దానంతటదే 'కరి' అని రాసేస్తుంది, ఆలోచించాల్సిన పనేముంది? ఎక్కడో ఒకచోట పెన్ను ఆగిపోవాలి, టీ తాగుతున్నా, రైతు బజార్లో కూరలు ఏరుతున్నా ఆ ఒక్క గడే బుర్రలో నలుగుతూ ఉండాలి, అప్పుడే అది వ్యాయామం.

ఇక మతిమరుపు రానే రాదని ఎవరన్నా గ్యారంటీ ఇస్తే మాత్రం నమ్మకండి. అమెరికాలో కొలంబియా, డ్యూక్ యూనివర్సిటీల వాళ్లు, అప్పటికే జ్ఞాపకశక్తి కొంచెం తగ్గడం మొదలైన 107 మందిలో కొందరికి ఓ మోస్తరు కష్టమైన క్రాస్‌వర్డ్‌లు, మిగతావాళ్లకి కంప్యూటర్ ఆటలు ఇచ్చి 78 వారాలు గమనించారు. 2022లో ఫలితాలు వచ్చాయి, క్రాస్‌వర్డ్‌ల వాళ్లే కాస్త మెరుగ్గా ఉన్నారు. మంచి మాటే. కానీ ఏమీ చెయ్యనివాళ్లతో పోల్చి చూడలేదు కాబట్టి, దీన్ని మందు అనుకోవడానికి లేదు. పేర్లు అప్పుడప్పుడు తట్టకపోవడం వేరు, తెలిసిన దారి తప్పిపోవడం, ఇందాక అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం వేరు. అలాంటివి కనిపిస్తే పజిల్ పుస్తకం కొనేముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు రావచ్చు, అవి రక్తపరీక్షలో తేలిపోతాయి.

ప్రశ్న: ఇంగ్లీష్ క్రాస్‌వర్డ్ బాగానే చేస్తాను. తెలుగులో మాత్రం 'తల తిరిగిన తీగ (2)' లాంటివి చూసి వదిలేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
- డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

వదిలేసిన దాని దగ్గరే మొదలుపెట్టు బాబూ. 'తల' అనే పదాన్ని తిప్పి చదువు. 'లత'. లతంటే తీగే కదా! ఆధారంలో ఒక ముక్క అర్థం చెప్తుంది, ఇంకో ముక్క అక్షరాలతో ఏం చెయ్యాలో చెప్తుంది, రెంటినీ విడదీయడమే అసలు పని. 'చెదిరిన నవల మూలంగా (3)' అన్నారనుకో, నవలలు రాసినవాళ్ల గురించి ఆలోచిస్తూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది. 'నవల' అక్షరాలు చెదరగొట్టు, 'వలన' వస్తుంది, మూలంగా అంటే అదేగా. తిరిగిన, తలకిందులైన అంటే వెనక నుంచి చదవాలి. చెదిరిన, తడబడిన అంటే అక్షరాలు కలిపెయ్యాలి. తల పోయింది, తోక తెగింది అంటే మొదటిదో చివరిదో తీసెయ్యాలి.

ఇంగ్లీష్ అలవాటున్నవాళ్లకి ఇంకోటి కూడా చెప్పాలి. మనకి గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిపి ఒకే గడి. విశాఖపట్నం ఇంగ్లీషులో 13 గళ్లు తింటుంది, తెలుగులో 5 చాలు. ఆ చివరి 'ట్నం' మీదుగా నిలువు పదం దించాలంటే దానికీ సరిగ్గా 'ట్నం' ఉండాలి, 'ట' ఉంటే కుదరదు, 'ట్న' ఉన్నా కుదరదు. కూర్చేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి, నింపేవాళ్లకి పెద్ద సాయం, ఎందుకంటే అడ్డంలో ఒక ఒత్తక్షరం ఖాయమైందంటే నిలువుకి సరిపోయే పదాలు ఒకటో రెండో మిగులుతాయి.

మన ఊరి పేర్లతోనే ఓ మూడు ఇస్తున్నాను, జవాబులు చూడకుండా ప్రయత్నించు. 'తల పోయిన మన ఊళ్లో మిగిలిన కొమ్మ (2)'. 'అప్పన్న కొండలో దాక్కున్న రచయిత (2)'. 'చేతికి తొడుక్కున్న వాగు, బస్సు దిగితే ఊరు (4)'. వరసగా శాఖ, చలం, గాజువాక. మొదటిదానికి మన ఊరంటే విశాఖ అని, రెండోదానికి అప్పన్న కొండంటే సింహాచలమని తట్టాలి, మూడోదానికి వాకంటే వాగని తెలియాలి. పత్రికల్లో గళ్ల నుడికట్టు నడిపిన ఆరుద్ర పుట్టింది ఈ ఊళ్లోనే, కాబట్టి విశాఖ కుర్రాడు తెలుగు గళ్లు చూసి వెనక్కి తగ్గితే నేను ఒప్పుకోను.

ప్రశ్న: నిఘంటువు చూసి నింపితే మోసమా?
- గృహిణి, సీతమ్మధార

కాదండీ. కాకపోతే వెంటనే చూడకండి. ఓ రాత్రి గడవనివ్వండి, పొద్దున్నే లేవగానే తట్టే పదాలు చాలా ఉంటాయి. అప్పటికీ రాకపోతే ఆంధ్రభారతి సైట్లో వెతకండి, చాలా నిఘంటువులు ఒకేచోట దొరుకుతాయి.

ప్రశ్న: మనవలు గళ్ల ముందు కూర్చోరు. వాళ్లతో ఆడే మాటల ఆట ఏదైనా ఉందా?
- ఒక తాతగారు, పెందుర్తి

అవధానంలో ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుపడే నిషిద్ధాక్షరి ఉంది చూశారూ, అదే ఇంట్లో ఆడించండి. పద్యాలు అక్కర్లేదు. ఒక్క నిమిషం 'క' రాకుండా, దాని గుణింతం, ఒత్తు కూడా రాకుండా మాట్లాడాలి, అంతే. తేలికనిపిస్తుంది గానీ నాకు, మీకు, ఇంటికి, కాదు, లేక, కూడా అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి, వాక్యం మొత్తం కొత్తగా కట్టుకోవాల్సొస్తుంది. 'బీచ్‌కి వెళ్లాం' అనకూడదు, 'బీచ్‌లో నడిచాం' అనాలి. "నిన్న సాయంత్రం మేమంతా బీచ్ రోడ్డులో నడిచాం, వేడి వేడి బజ్జీలు తిన్నాం, ఎనిమిదింటి లోపు బస్సెక్కాం" అన్నారో, ఆ చివరి మాటతో ఔట్. మురీ మిక్చర్ తిన్నామన్నా ఔటే. పిల్లలు మీ తప్పులు పట్టుకోవడానికి చెవులు రిక్కించుకుని కూర్చుంటారు, ముందు మీరే మొదలుపెట్టండి.