గారపళ్ళకి వెనీర్లు వేయించుకోవచ్చా? వేయించుకున్నోడిగా నా జవాబు

ధర్మవరం నుంచి అడిగిన బ్రదర్‌కి. ముందుపళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, ఇంట్లో సంబంధాలు చూస్తాండారు, డాక్టరేమో ఆరు పళ్ళకి వెనీర్లు, అంటే పన్ను ముందువైపు అంటించే పల్చటి పెంకులు, వేద్దామంటున్నాడు, వేయించుకోవాలా వద్దా అనే కదా మీ ప్రశ్న. నాది కల్యాణదుర్గం సైడు పల్లె, చిన్నప్పుడంతా బోరు నీళ్ళే తాగినాం, మా క్లాసులో శానామందికి ఇవే పళ్ళు. పైన నాలుగు పళ్ళకి పింగాణీ వెనీర్లు పెట్టించుకుని కొన్నేళ్ళయింది, ఇప్పటిదాకా బాగానే ఉండాయి.

ఫస్టు, ఆ మచ్చ మురికి కాదు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, అంతకన్నా ఎక్కువున్న నీళ్ళు చిన్నప్పుడు తాగితే పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఎనామెల్ (పన్ను పైనుండే గట్టి పొర) దెబ్బతింటాది, దీన్నే ఫ్లోరోసిస్ అంటారు. అందుకే బొగ్గుపొడి, ఉప్పు, నిమ్మకాయ ఎంత రుద్దినా ఎనామెల్ అరుగుతాదే గానీ మచ్చ పోదు, యూట్యూబ్ వాళ్ళు ఏమైనా చెప్పనీ.

ఇంక వెనీర్ల సంగతి. డాక్టరు ఆరు పళ్ళు అన్నాడని వెంటనే తలూపేయద్దు. మచ్చలు పైపైన ఉంటే మైక్రోఅబ్రేషన్ అని పైపొర కొంచెం అరగదీస్తారు, బ్లీచింగ్ ఉంది, మచ్చలోకి పల్చటి రెజిన్ ఇంకించే రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది, వీటిల్లో పన్ను పెద్దగా పోదు, ఖర్చూ తక్కువే. నాకు గుంటలు పడి అంచులు పెచ్చులూడినాయి కాబట్టి వెనీర్ దాకా పోవాల్సొచ్చింది. ఎందుకింత చెప్తున్నానంటే పింగాణీ వెనీర్‌కి మామూలుగా ముందువైపు అర మిల్లీమీటరు అటూ ఇటూ ఎనామెల్ తీసేస్తారు, తీసింది మళ్ళీ రాదు, రేపు వెనీర్ పాడైతే ఇంకోటి పెట్టించుకోవాల్సిందే. డౌటుంటే కడప గవర్నమెంటు డెంటల్ కాలేజీలోనో కర్నూలు పుల్లారెడ్డి డెంటల్ కాలేజీలోనో ఒకసారి చూపించుకోండి, రెండో మాట వినడంలో నష్టమేం లేదు.

వేయించుకుంటే మాత్రం పన్ను అరగదీయకముందే మాకప్ చేయమని అడగండి. ప్లాస్టిక్ లాంటిది పళ్ళ మీద అచ్చుపోసి రేపు ఎట్లుంటాదో అద్దంలో చూపిస్తారు. మా డాక్టరమ్మ నాతో "వంకాయ, ఫోను, ఫ్యాను" అని పదేపదే పలికించింది, పళ్ళు పొడుగైతే కింది పెదవికి తగిలి వ, ఫ సరిగ్గా రావంట. రంగు విషయంలో సినిమావాళ్ళ తెలుపు అడగద్దు బ్రదర్, కింది పళ్ళు పసుపుగా ఉండి పైవి సున్నం కొట్టిన గోడ లెక్క ఉంటే నవ్వినప్పుడల్లా తెలిసిపోతాది. కింది పళ్ళు బ్లీచ్ చేయించుకునేది ఉంటే ముందే చేయించుకోండి, వెనీర్ రంగు తర్వాత బ్లీచింగ్‌తో మారదు. బ్లీచ్ అయినాక రెండు వారాలన్నా ఆగి అంటిస్తారు, లేకుంటే పట్టు సరిగ్గా ఉండదు.

నొప్పి అంటారా, మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, ఏం తెలీదు. అసలు వెనీర్లు వచ్చేదాకా పెట్టే టెంపరరీవి ఉన్నన్నాళ్ళు చల్లనీళ్ళకి జివ్వుమంటాది, అంతే. అసలు పనంతా అంటించే రోజే ఉంది. వెనీర్ పట్టుకోవడానికి పన్నుని గరుకు చేసే నీలం యాసిడ్ జెల్ పూసి కడిగి ఆరబెడితే పన్ను సుద్దముక్క మాదిరి తెల్లగా మారాల, మన ఫ్లోరైడ్ పళ్ళు ఆ యాసిడ్‌కి అంత తొందరగా లొంగవు, నా రెండు పళ్ళకి మళ్ళీ పూయాల్సొచ్చింది. ఫ్లోరోసిస్ పళ్ళకి ఇంతకుముందు చేసినారా అని డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి. పార్లర్లలో చేస్తామనే వాళ్ళ జోలికి అస్సలు పోవద్దు.

జాగ్రత్తలంటే, బ్రష్ మెత్తది, పేస్టు గరుకుది కాకుండా, రోజూ ఫ్లాస్, అంటే పళ్ళ సందుల్లో దారంతో శుభ్రం. పింగాణీకి టీ కాఫీ మరక పెద్దగా పట్టదు గానీ చిగురు దగ్గర అతుకు మురికైతే అక్కడ పన్ను పుచ్చుతాది. అదే పళ్ళ రంగు ప్లాస్టిక్ లాంటి కాంపోజిట్‌తో చేసే వెనీరైతే రేటు తక్కువ, కానీ టీకి, పసుపుకి రంగెక్కుతాది, పాలిష్ చేయిస్తుండాల. కష్టమైంది ఇంకోటుంది, అనంతపురంలో ఉండి శెనక్కాయలు ముందుపళ్ళతో ఒలవకుండా ఉండడం! చేత్తోనే ఒలుచుకోవాల, చెరుకు ముక్కలు కోసుకోవాల, మటన్ బొక్క కొరకద్దు, వక్క వద్దు. సంగటికి ఏ బాధా లేదు. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి, రాత్రి పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డ్ చేసిస్తారు, లేకుంటే పగుళ్ళొస్తాయి.

సరిగ్గా చూసుకుంటే పింగాణీవి పది పదిహేనేళ్ళు వస్తాయి. ఎప్పుడన్నా ఊడొచ్చిందనుకోండి, పారేయకుండా చిన్న డబ్బాలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి, విరగకుంటే చాలాసార్లు అదే మళ్ళీ అంటిస్తారు. ఫెవిక్విక్ మాత్రం పెట్టద్దు, మా బామ్మర్ది ఆ పని చేస్తే, ఆ జిగురు గీకేసరికే అది రెండు ముక్కలైంది.