ప్లానింగ్ చదివిన అమ్మాయికీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివిన అబ్బాయికీ ఒకటే కోచింగా?

ప్రశ్న: మాది విశాఖపట్నం దగ్గర పెందుర్తి. మా అమ్మాయి ఈ ఏడాది బి.ప్లానింగ్ (పట్టణ ప్రణాళిక డిగ్రీ) పూర్తి చేసింది. మా మేనల్లుడు ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చేశాడు. ప్లానింగ్‌లో ఉద్యోగాలు ఉండవని చుట్టాలు అంటున్నారు, అందుకని ఇద్దరినీ గ్రూప్-2 కోచింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. అమ్మాయేమో ఎం.ప్లానింగ్ చేస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు అమ్మాయి కోచింగ్ ఆలోచన ఆపండి. గ్రూప్-2కి ఏ డిగ్రీ ఉన్నా సరిపోతుంది. మెయిన్స్‌లో అడిగేది ఆంధ్రప్రదేశ్ చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, సైన్స్ అండ్ టెక్నాలజీ. మీ అమ్మాయి నాలుగేళ్లు కష్టపడి నేర్చుకున్న ల్యాండ్ యూజ్, ట్రాఫిక్ సర్వే, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) అక్కడ దాదాపు ఎందుకూ పనికిరావు. తను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అదీ తనకి ఇష్టం లేని చదువు.

చుట్టాల మాటలో సగం నిజం ఉంది. 2021లో నీతి ఆయోగ్ పట్టణ ప్రణాళిక మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశం మొత్తం మీద రాష్ట్రాల్లో 12,000కు పైగా టౌన్ ప్లానర్ పోస్టులు అవసరమైతే మంజూరైనవి 4,000 కూడా లేవని, వాటిలోనూ దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని అందులో ఉంది. చాలా రాష్ట్రాల్లో ఈ పోస్టులకు ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి కూడా కాదు. ఊళ్లు ఇంత వేగంగా పెరుగుతుంటే ఇది చాలా అన్యాయం అని నా అభిప్రాయం, కానీ మీరు నిర్ణయం తీసుకోవాల్సింది ఇప్పుడున్న పరిస్థితిని బట్టే కదా. మన దగ్గర 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక ప్లానింగ్ సెక్రటరీ పోస్టులు కొన్ని వచ్చాయి, వాటికి సివిల్ డిప్లొమా వాళ్లూ పోటీకి వస్తారు. నోటిఫికేషన్ పడితే రాయనివ్వండి, దాని కోసమే ఇంట్లో కూర్చోబెట్టకండి.

మరి ఉద్యోగం ఎక్కడ? మీ విశాఖనే చూడండి. నగరాభివృద్ధి సంస్థగా 1978లో మొదలైన వుడా 2018లో వీఎంఆర్‌డీఏ అయింది, 2041 వరకు మాస్టర్ ప్లాన్ తయారు చేయించింది. మీ వీధి రోడ్డు ఎంత వెడల్పు అవుతుంది, ఆనందపురం వైపు ఏ పొలం ఏ జోన్‌లోకి వెళ్తుంది అన్నీ అలాంటి ప్లాన్‌లోనే తేలతాయి, అందుకే 2021లో ముసాయిదా వచ్చినప్పుడు జనం నుంచి అన్ని అభ్యంతరాలు వచ్చాయి. ఇలాంటి పనులు ఎక్కువగా కన్సల్టెన్సీ సంస్థలకు ఇస్తారు, కొత్త ప్లానర్లకు మొదటి ఉద్యోగం దొరికేది చాలావరకు అక్కడే. ఇంటింటి సర్వే, శాటిలైట్ ఫొటోల మీద మ్యాపులు గీయడం, రిపోర్టులు రాయడం. మొదట్లో జీతం పెద్దగా ఉండదు, హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ వెళ్లాల్సి రావచ్చు. ఆడపిల్లని ఒక్కదాన్నే అంత దూరం ఎలా పంపుతామని మీకు టెన్షన్‌గా ఉంటుంది, నాకు అర్థమవుతుంది, అయినా పంపమనే చెప్తాను.

ఎం.ప్లానింగ్ కోరిక మంచిదే. పీజీ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ రాస్తే విజయవాడ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీలకు అప్లై చేయొచ్చు. గేట్ స్కోరుతో చేరిన అర్హులకు నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ కూడా ఉంటుంది. చాలామంది గమనించని సంగతి ఇంకొకటి: గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈసారి రాసేసి, ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి, ట్రాన్స్‌పోర్టా, ఎన్విరాన్‌మెంటా, హౌసింగా ఏది తన దారో తెలుసుకుని అప్పుడు చేరొచ్చు. నేనైతే అలాగే చేయమంటాను.

ఈలోగా ఖాళీగా ఉండనక్కర్లేదు. మీ ఊరి మీదుగానే బీఆర్‌టీఎస్ రోడ్డు, అంటే బస్సులకు ప్రత్యేక లేన్‌తో ప్లాన్ చేసిన రోడ్డు వెళ్తోంది, కేంద్రం పట్టణాల పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద వేసింది. పెందుర్తి నుంచి గోపాలపట్నం వరకు ఏ టైంలో ఎన్ని బస్సులు, ఎన్ని ఆటోలు తిరుగుతున్నాయి, నడిచేవాళ్లు ఎక్కడ రోడ్డు దాటుతున్నారు, ప్రత్యేక లేన్‌లోకి వేరే బండ్లు ఎక్కడ దూరుతున్నాయి, ఇవన్నీ తను స్వయంగా లెక్కపెట్టి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాపులు చేసి పది పేజీల రిపోర్టు రాస్తే, ఇంటర్వ్యూలో మార్కుల మెమో కంటే అదే ఎక్కువ మాట్లాడిస్తుంది. కేంద్రం 2020లో మొదలుపెట్టిన ట్యులిప్ పథకంలో మున్సిపాలిటీల ఇంటర్న్‌షిప్‌ల ప్రకటనలు వస్తుంటాయి, వాటినీ చూడమనండి.

ఇక మీ మేనల్లుడు. ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చూసి నేరుగా పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువ, ఈ మాట అతనికి ఇప్పుడే చెప్పాలి. అతనికి గ్రూప్-2 సరైనదే. మెయిన్స్ మొదటి పేపర్ 150 మార్కుల్లో 75 రాజ్యాంగానివే, అది అతను చదివిన సబ్జెక్టే. గ్రూప్-2లో గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్, గ్రూప్-1లో గ్రేడ్-2 మున్సిపల్ కమిషనర్ పోస్టులు ఉంటాయి. సివిల్స్ రాస్తానంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్‌గానూ తీసుకోవచ్చు. అయితే నోటిఫికేషన్ల మధ్య ఏళ్లు గడిచిపోతాయి, కాబట్టి పక్కన యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) కూడా రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు, నెట్ ఒక్కటే వచ్చినా లెక్చరర్ దారి ఉంటుంది. రెండు నోటిఫికేషన్లు చూసి, రాకపోతే వేరే ఉద్యోగంలో చేరాలని ఇప్పుడే మాట తీసుకోండి. ముప్ఫై దాటినా కోచింగ్ రూముల్లోనే ఉండిపోయిన పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి, అమ్మాయిని సిలబస్ ఇప్పుడే తీసి పెట్టుకోమనండి. అబ్బాయికి కోచింగ్ ఫీజు కట్టే ముందు పాత గ్రూప్-2 స్క్రీనింగ్ పేపర్లు రెండు ఇంట్లోనే టైం పెట్టి రాయించండి. 150కి ఎన్ని వస్తున్నాయో చూశాక, ఏ సబ్జెక్టుకి కోచింగ్ కావాలో అతన్నే చెప్పమనండి.