ఏ సీఎస్ఐ గేమ్ మేలు?

ప్రశ్న: టీవీలో సీఎస్ఐ సీరియల్ (నేరస్థలంలో ఆధారాలు ఏరి ల్యాబ్‌లో పరీక్షించి కేసులు తేల్చేవాళ్ల కథ) బాగా చూస్తాం. దాని మీద వచ్చిన గేముల్లో ‘త్రీ డైమెన్షన్స్ ఆఫ్ మర్డర్’, ‘హార్డ్ ఎవిడెన్స్’ రెండూ పాత డిస్కులుగా దొరుకుతున్నాయి. ఒక్కటే కొనాలంటే ఏది? ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్.
– ఒక పాఠకురాలు, బుధవారపేట, కర్నూలు

జవాబు: రెండూ టెల్‌టేల్ సంస్థ చేసినవే, ఒకటి 2006లో, రెండోది 2007లో. రెండింట్లోనూ కథ లాస్ వేగాస్‌లోనే, కేసులూ అయిదేసే. మీ కంప్యూటర్ పాతది కాబట్టి మొదటిదే తీసుకోండి. టీవీకి తగిలించి ఆడే ఎక్స్‌బాక్స్ 360 గానీ వీ (Wii) గానీ ఉంటే మాత్రం హార్డ్ ఎవిడెన్స్. మొదటిది వాటి మీదికి రాలేదు.

ఏది కొన్నా చిక్కుకునే చోటు ఒకటే. నేరస్థలంలో కంటికి కనబడినవి ఏరుకుని ల్యాబ్‌కు పరుగెత్తుతారు, అక్కడ కేసు ముందుకు కదలదు. గ్లాసు, తలుపు పిడి లాంటి నున్నటి వాటి మీద వేలిముద్రల పొడి, తుడిచేసిన రక్తానికి లూమినాల్ (రక్తపు మరకను మెరిపించే రసాయనం) వాడి చూడాలి. (నిజం ల్యాబుల్లో బ్లీచింగ్ నీళ్లకూ లూమినాల్ మెరుస్తుంది, మోసపోతారు.) గేమ్‌లోని పోలీసు అధికారి బ్రాస్ సోదాకో అరెస్టుకో వారెంట్ ఇవ్వనంటే గేమ్ చెడిపోయిందనుకోకండి, చూపడానికి తగిన ఆధారం మీ దగ్గర లేదన్నమాట. ల్యాబ్‌లో పోల్చాల్సినదేదైనా మిగిలిందేమో చూసి మళ్లీ అడగండి.

సాయం అడిగే కొద్దీ చివర్లో రేటింగ్ తగ్గుతుంది. కొనేముందు డిస్కు అడుగున గీతలు చూసుకోండి.