రాతికి రెండు తేదీలు

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను, పొద్దున మళ్లీ చదివాను. వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ మీద తెలుగులో రాయాలన్న ఆలోచన వచ్చినందుకు ముందుగా నా సంతోషం అందుకో. న్యూయార్క్ నగరానికి ఎగువన యాభై మైళ్ల దూరంలో, హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఆ చోటికి మనవాళ్లు ఆకులు రంగులు మారే రోజుల్లో వెళ్తారు, నది కనపడేలా నిలబడి ఫొటోలు దిగుతారు, వచ్చేస్తారు. నువ్వు ఆగి, రాళ్ల మీద రాసింది చదివావు. రాసేవాడికి ఉండాల్సిన మొదటి లక్షణం అదే.

అయితే చదివినవన్నీ వరసపెట్టి దించేశావు. ప్రతి స్తంభమూ గంభీరంగా ఉంది, ప్రతి విగ్రహమూ స్ఫూర్తినిస్తోంది, ప్రతి చోటా నీ కళ్లు చెమర్చాయి. చివరికొచ్చేసరికి ఏ రాయి ఎవరిదో నాకు గుర్తులేదు. పాఠకుడికీ అంతే.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఏ స్మారకానికైనా రెండు తేదీలు ఉంటాయి. సంఘటన జరిగిన తేదీ ఒకటి, రాయి నిలబెట్టిన తేదీ ఇంకొకటి. నీ వ్యాసంలో మొదటిదే ఉంది. రెండోది కూడా రాసి చూడు. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు, ఎవరు పూనుకున్నారు, డబ్బు ఎవరిచ్చారు అనే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. మన గుళ్లలో శాసనాలు చూడు. శక సంవత్సరం, తిథి, వారం, దాత పేరు, ఇచ్చిన భూమి ఎల్లలు, ఆ దానాన్ని చెరిపినవాడికి తగిలే పాపం, అన్నీ ఉంటాయి. రాయి ఎప్పుడు ఎవరు వేయించారో చెప్పకుండా మన పెద్దలు వదల్లేదు. నువ్వూ వదలకు.

కొష్చూష్కో స్మారకాన్నే తీసుకో. నువ్వు దానికి రెండు వాక్యాలిచ్చావు: పోలండ్ ఇంజనీరు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వెస్ట్ పాయింట్ కోటలకు నమూనా వేశాడు. నిజమే, 1778 నుంచి 1780 దాకా ఆ పని చేశాడు. ఆయన 1817లో పోయాడు. స్తంభం 1828లో లేచింది, నిలబెట్టింది అకాడమీ కేడెట్లే. నమూనా గీసిన జాన్ లాట్రోబ్ కూడా అంతకుముందు అక్కడ చదువుకున్నవాడు. కానీ అప్పుడది ఉత్త స్తంభం. దాని మీద ఇప్పుడు కనిపించే విగ్రహం 1913లో వచ్చింది, అమెరికాలో స్థిరపడ్డ పోలిష్ చర్చి పెద్దలు, జనం కలిసి ఇచ్చారు. 1913లో ప్రపంచపటం మీద పోలండ్ అనే దేశమే లేదు. రష్యా, ప్రష్యా (తర్వాతి జర్మనీ), ఆస్ట్రియా పంచుకుని వందేళ్లు దాటిపోయింది. తమ దేశం లేని రోజుల్లో, వలస వచ్చినవాళ్లు, తమవాడి బొమ్మను ఇంకో దేశపు సైనిక అకాడమీలో అంత ఎత్తున నిలబెట్టారు. ఇది తెలిశాక ఆ విగ్రహాన్ని "గంభీరం" అని వదిలేయగలవా? పరాయి దేశంలో బతుకుతున్న తెలుగు పాఠకుడికి ఈ ఒక్క సంగతి చాలు, నీ వెంట వస్తాడు.

ఆ స్తంభం కథ ఇంకా ఉంది. 2023లో మరమ్మతులు చేస్తుంటే దాని అడుగున ఒక సీసపు పెట్టె దొరికింది. ఆగస్టు 28న అందరి ఎదుటా, లైవ్‌లో తెరిచారు. లోపల బురద ఎండి మిగిలిన మట్టి తప్ప ఏమీ కనపడలేదు. వచ్చినవాళ్లు నిరాశగా వెళ్లిపోయారు, వార్తలు కూడా అలాగే వచ్చాయి. ఆ తర్వాత అకాడమీ పురావస్తు నిపుణుడు ఆ మట్టిని నింపాదిగా జల్లించాడు. 1795 నుంచి 1828 మధ్య అచ్చయిన ఆరు నాణేలు, ఎరీ కాలువ పూర్తయిన సందర్భంగా వేసిన ఒక పతకం బయటపడ్డాయి. నీ వ్యాసంలో ఇది లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. దీనికి ఒక పేజీ ఇవ్వు. మట్టి రంగు, పెట్టె మూత తీసే చేతులు, చూస్తున్నవాళ్ల ముఖాలు, అన్నీ ఆ రోజు వీడియోలో చూడొచ్చు. ఊహించి రాయాల్సిన పనిలేదు.

రెండు తేదీల తర్వాత చూడాల్సింది, రాయి మీద లేనివాళ్లను. ట్రోఫీ పాయింట్‌లో నదికి ఎదురుగా ఉన్న బ్యాటిల్ మాన్యుమెంట్ దగ్గర నువ్వు చాలాసేపు ఉన్నట్టున్నావు. స్టాన్‌ఫర్డ్ వైట్ రూపకల్పన, పైన రెక్కల దేవత, కింద 2,230 పేర్లు, అన్నీ సరిగ్గానే రాశావు. వాళ్లందరూ అమెరికా అంతర్యుద్ధంలో, అంటే ఉత్తరాది రాష్ట్రాలకూ బానిసత్వం నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ మధ్య జరిగిన యుద్ధంలో, చనిపోయినవాళ్లు అన్నావు. ఆ యుద్ధంలో పోయినవాళ్లు ఆరు లక్షల పైమాట. మరి ఈ 2,230 మంది ఎవరు? ఉత్తరాది పక్షాన పోరాడిన రెగ్యులర్ ఆర్మీ అధికారులు, సిపాయిలు మాత్రమే. ఉత్తరాది సైన్యంలో అత్యధికులు రాష్ట్రాల వాలంటీర్ దళాలవాళ్లు, వాళ్ల పేర్లు ఇక్కడ ఉండవు. దక్షిణాది వైపు వెళ్లిపోయిన వెస్ట్ పాయింట్ పట్టభద్రుల పేర్లూ ఉండవు. స్మారకానికి చందాలు రెగ్యులర్ ఆర్మీ వాళ్ల జీతాల్లోంచే వచ్చాయి. యుద్ధం 1865లో ముగిస్తే స్తంభం ఆవిష్కరణ 1897లో. తమతో పనిచేసి పోయినవాళ్లను తాము తలుచుకోవడానికి, తమ డబ్బుతో కట్టుకున్నది అది. దాన్ని దేశమంతటి స్మారకంగా రాస్తే, ఆ చందాలిచ్చినవాళ్లకు దక్కాల్సింది దక్కదు.

పేరు లేకపోవడం అన్నిచోట్లా ఒకలా ఉండదు. శ్మశానవాటిక పక్కన పాత కేడెట్ చాపెల్ ఉంది కదా. 1836లో కట్టిన ఆ చర్చిని 1910 ప్రాంతంలో రాయి రాయీ విప్పి ఇప్పుడున్న చోటికి మార్చారు. లోపలి గోడల మీద స్వాతంత్ర్య యుద్ధ సేనానుల పేర్లతో ఫలకాలు. ఒక ఫలకం మీద మాత్రం హోదా, పుట్టిన సంవత్సరం ఉన్నాయి, పేరు లేదు: మేజర్ జనరల్, జననం 1740. అది బెనెడిక్ట్ ఆర్నాల్డ్‌ది. 1777లో సారటోగా యుద్ధంలో కాలు పోగొట్టుకునేంత గాయమైనా పోరాడినవాడు, 1780లో ఇదే వెస్ట్ పాయింట్ కోటకు అధిపతిగా ఉంటూ దాన్ని బ్రిటిష్‌వాళ్లకు అప్పగించబోయాడు. నువ్వు "పుట్టిన సంవత్సరం తప్పు, 1741 ఉండాలి" అని రాశావు. తప్పు కాదు. ఆయన పుట్టింది జనవరిలో. ఆ రోజుల్లో అక్కడి పాత క్యాలెండర్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి ఆ లెక్కన 1740, ఇప్పటి లెక్కన 1741. రాయి తప్పు చెబుతోందని రాసేముందు ఇంకోసారి వెతకడం మంచి అలవాటు. వీలైతే సారటోగా యుద్ధభూమికి కూడా వెళ్లిరా. అక్కడ 1887లో నిలబెట్టిన రాయి మీద ఆర్నాల్డ్ గాయపడిన కాలి బూటు చెక్కి ఉంటుంది. చేసిన సాహసం రాశారు, మనిషి పేరు రాయలేదు.

ఇప్పుడు ఆర్నాల్డ్ పక్కనే రాబర్ట్ లీని పెట్టు. వెస్ట్ పాయింట్‌లో 1829లో చదువు ముగించాడు, 1852 నుంచి 1855 దాకా ఆ అకాడమీకే సూపరింటెండెంట్‌గా చేశాడు, 1861లో అమెరికా సైన్యం వదిలి దక్షిణాది సైన్యంలో చేరాడు. ఆయన పేరు అక్కడ బ్యారక్స్‌కీ, గేటుకీ, రోడ్డుకీ పెట్టారు. దక్షిణాది యూనిఫాంలో ఉన్న ఆయన నిలువెత్తు చిత్రం లైబ్రరీకి ఎక్కింది 1952లో. యుద్ధం ముగిసిన 87 ఏళ్లకు! లీతో కలిసి పోరాడినవాడు ఒక్కడైనా వచ్చి ఆ చిత్రం పెట్టలేదు. 1952 నాటి అమెరికా పెట్టింది. ఆ అమెరికా ఎలా ఉండేదో, నల్లవాళ్లు ఏ బడికి వెళ్లగలిగేవాళ్లో, ఎవరి ఓటు చెల్లేదో చదివి ఆ పేరా రాయి. 2022 డిసెంబరులో, కాంగ్రెస్ వేసిన కమిషన్ సిఫార్సుల మీద ఆ చిత్రాన్ని దించారు. 2025లో మళ్లీ పెట్టిస్తున్నారన్న వార్త వచ్చింది. నీకో అభిప్రాయం ఉంటే దాచుకోకు. నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెప్తున్నాను: ఆ యూనిఫాంలో ఆ చిత్రం ఆ గోడ మీద ఉండకూడదు. ఆ సైన్యం ఎవరి మీదైతే కత్తి దూసిందో వాళ్ల పిల్లలే ఇప్పుడు అక్కడ కేడెట్లు. కానీ నీ వ్యాసంలో అభిప్రాయం కంటే ముందు తేదీలు రావాలి. ఎందుకు పెట్టారో, ఎందుకు తీశారో రెండూ వివరంగా చెప్పు, పాఠకుడు తనంతట తాను ఆలోచించుకుంటాడు.

విగ్రహాలు తీయడం ఈ కాలంలో పుట్టిన గొడవ అనుకునేవాళ్ల కోసం కస్టర్ అనే అశ్వికదళ అధికారి సంగతి కూడా చేర్చు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్‌లో ఆదివాసీలతో జరిగిన యుద్ధంలో పోయిన కస్టర్ సమాధి ఆ శ్మశానవాటికలోనే ఉంది. 1879లో అకాడమీలో ఆయన విగ్రహం పెట్టారు. అది ఆయన భార్యకు ఏమాత్రం నచ్చలేదు. తీసేదాకా వదల్లేదు. 1884లో తీసేశారు, తర్వాత ఆ విగ్రహం ఆచూకీ లేకుండా పోయింది.

బఫెలో సోల్జర్ల విగ్రహం గురించి నీది ఒకటే లైను. అది చాలదు. నల్లజాతి అశ్వికదళం సైనికులు 1907లో అక్కడికి వచ్చారు, కేడెట్లకు గుర్రపు స్వారీ నేర్పారు. దాదాపు నలభై ఏళ్లు ఆ పని చేశారు. వాళ్ల దగ్గర స్వారీ నేర్చుకున్నవాళ్లు జనరల్స్ అయ్యారు, విగ్రహాలయ్యారు. నేర్పినవాళ్లు వేరే బ్యారక్స్‌లో, వేరు చేసిన దళంగానే ఉండిపోయారు. 1973లో ఆ మైదానానికి వాళ్ల పేరు పెట్టారు, ఒక బండరాయి మీద ఫలకం వేశారు. గుర్రం మీద సైనికుడి కంచు విగ్రహం వచ్చింది 2021లో. వచ్చిన ఏడాది నుంచి లెక్కేస్తే 114 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధ సేనాని ప్యాటన్ విగ్రహానికి ఇచ్చిన చోటు తగ్గించి అయినా సరే, ఇది పెంచు.

అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని సెజ్విక్ విగ్రహం కథ బావుంది, ఉంచు. అర్ధరాత్రి పూర్తి యూనిఫాం వేసుకుని వెళ్లి, విగ్రహం బూట్లకున్న ముళ్ల చక్రాలు తిప్పితే పరీక్ష గట్టెక్కుతుందని కేడెట్ల నమ్మకం. వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసే మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే ఆ విగ్రహం పోత పోసింది ఆయన దళం శత్రువుల నుంచి పట్టుకున్న ఫిరంగుల కంచుతో, 1868లో. నువ్వు రాయని ఆ వాక్యం కూడా పక్కన చేర్చు.

అలాగే ఇనుప గొలుసు. 1778లో బ్రిటిష్ ఓడలు పైకి రాకుండా నదికి అడ్డంగా, దుంగల తెప్పల మీద పరిచిన గొలుసు అది. నీ వ్యాసంలో "చారిత్రక గొలుసు" అని ఉంది. ట్రోఫీ పాయింట్‌లో మిగిలిన లంకెల దగ్గర ఇంకోసారి కూర్చుని చూడు. ఒక్కో లంకె రెండడుగుల పొడవు, చిన్నపిల్లాడి చెయ్యంత మందం. చలికాలం నది గడ్డకట్టే ముందు ఏటా దాన్ని బయటికి లాగేవాళ్లు, వసంతం రాగానే మళ్లీ వేసేవాళ్లు. యుద్ధం అయ్యేదాకా ఒక్క బ్రిటిష్ ఓడ కూడా దాన్ని దాటే ప్రయత్నం చెయ్యలేదు. ఆ చలినీళ్లలో దాన్ని లాగిన మనుషుల పని రాయి. "చారిత్రక" అనే మాట అప్పుడు తీసేయొచ్చు.

శ్మశానవాటిక దగ్గర మాత్రం నా సలహా వేరు. అక్కడ ఎమిలీ పెరెజ్ సమాధి ఉంది. 2005లో పట్టా తీసుకుంది, 2006లో ఇరాక్‌లో చనిపోయింది. ఇలాంటి రాళ్లకు రెండు తేదీల మధ్య దూరం ఉండదు. పెట్టినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, వచ్చి పోతుంటారు. అక్కడ విశ్లేషణ వద్దు, విశేషణాలు వద్దు. పేరు, ఏళ్లు రాసి ముందుకు వెళ్లు. సమాధుల దగ్గర ఎవరైనా ఉంటే వాళ్ల గురించి ఒక్క ముక్క కూడా రాయకు.

ఇక, "ఇది మన పాఠకులకు ఎందుకు" అని అడిగావు. ఇండియా వెళ్లినప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ చూసే అవకాశం దొరికితే వదలకు. గుమ్మటంతో ఎత్తుగా కనిపించే ప్రధాన భవనం పేరు సూడాన్ బ్లాక్. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, తూర్పు ఆఫ్రికాలో భారత సైనికులు చేసిన త్యాగానికి గుర్తుగా సూడాన్ ప్రభుత్వం లక్ష పౌండ్లు ఇచ్చింది. దేశ విభజన తర్వాత అందులో మన వాటా 70 వేల పౌండ్లు. భవనం ప్రారంభమైంది 1959లో. డబ్బిచ్చినప్పుడు రెండు దేశాలూ పరాయి పాలనలో ఉన్నాయి, తలుపులు తెరిచేసరికి రెండూ స్వతంత్రమయ్యాయి. వెస్ట్ పాయింట్ మీద నువ్వు సాధన చేసేది ఇక్కడ అక్కరకొస్తుంది. దాని మీద తెలుగులో మంచి వ్యాసం ఒకటి నీ చేత రాయించాలని నా కోరిక.

ముందు ఇది పూర్తి చెయ్యి. కొష్చూష్కో, లీ–ఆర్నాల్డ్, బఫెలో సోల్జర్లు, గొలుసు ఉంచి మిగతావి సగానికి సగం తగ్గించు. మళ్లీ వెళ్తే ప్రతి దిమ్మె వెనక్కి తిరిగి చూడు, దాతల పేర్లు తరచుగా అక్కడే ఉంటాయి. అది ఇప్పటికీ నడుస్తున్న సైనిక స్థావరం, గుర్తింపు కార్డు తీసుకెళ్లు, వద్దన్న చోట ఫొటో తీయకు. నెలాఖరుకల్లా రెండో డ్రాఫ్ట్ పంపితే చాలు, టెన్షన్ పడకు. చిన్నాన్నగారికి, పిన్నికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య