టర్బో మీద నేరం మోపే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉప్పల్‌లో షెడ్డు తెరిచావని, మొదటి సంపాదనతోనే బండి కంప్యూటర్ ఇచ్చే లోపాల కోడ్‌లు చదివే స్కానర్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. కానీ మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "పి 0299 కోడ్ వచ్చింది మామయ్యా, టర్బో మార్చాలని చెప్పేయనా?" అన్నావు. బండి యజమాని నీ పక్కనే నిలబడి వింటున్నాడని ఆ తర్వాత తెలిసింది. ఆ ఒక్క మాటకు అతని గుండెలో రాయి పడి ఉంటుంది. ఫోనులో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ కోడ్ ఏమి చెబుతోందో చూడు. టర్బో పని ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా ఊదడం. ఇంజిన్ కంప్యూటర్ ఇంత గాలి ఒత్తిడి కావాలని లెక్క వేసుకుంది. సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డు దగ్గర ఆ ఒత్తిడిని కొలిచే బూస్ట్ సెన్సార్ అంత రాలేదని చెప్పింది. కంప్యూటర్ కొంతసేపు ఓర్చుకుని లైటు వెలిగించింది, బండి బలం తగ్గించింది. పి 0299లో ఉన్నది ఇంతే. ఎందుకు రాలేదో దానికి తెలియదు. మేడ మీది కొళాయికి నీళ్లు రాకపోతే వెంటనే బోరులోంచి మోటారు పైకి తీయించం కదా. పైపు పగిలిందా, వాల్వు మూసి ఉందా అని చూస్తాం. టర్బో ఆ బోరు మోటారు లాంటిది. అన్నీ చూశాక, చివరన చూడవలసినది.

ఈ మాట నేను తేలికగా నేర్చుకోలేదు. డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఒకే పైపులో (దాన్నే రైలు అంటారు) నిలిపి అన్ని సిలిండర్లకూ పంచే కామన్ రైల్ ఇంజిన్లు ఆటోనగర్‌కు కొత్తగా వస్తున్న రోజుల్లో, మలక్‌పేట గంజ్‌కు ఉల్లి బస్తాలు తోలే పికప్ ఒకటి నా దగ్గరకు వచ్చింది. కోడ్ చూశాను, టర్బో పోయిందన్నాను. యజమాని అప్పు చేసి కొత్తది తెచ్చాడు, బిగించాను. మూడో రోజు అదే లైటుతో తిరిగి వచ్చాడు. అప్పుడు టార్చి వేసి వెతికితే, వాక్యూమ్ పంపు నుంచి టర్బో యాక్చుయేటర్‌కు, అంటే టర్బో రెక్కలను కదిపే డబ్బాకు, వెళ్లే రబ్బరు గొట్టం, చిటికెన వేలికన్నా సన్నది, సగం దాకా కొరికి ఉంది. రాత్రిళ్లు గంజ్‌లో ఆగే బండి, ఎలుక పని. మూరెడు గొట్టంతో పోయేదానికి ఆయన నాలుగు నెలల కిస్తీ డబ్బు పోగొట్టుకున్నాడు. నా కూలి తిరిగి ఇచ్చేశాను. టర్బో డబ్బు ఇవ్వగలిగే స్థితి అప్పుడు నాకు లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, మళ్లీ నా షెడ్డు గుమ్మం కూడా తొక్కలేదు. ఇన్నేళ్లయినా ఆ బండి నంబరు నాకు గుర్తుంది.

అందుకే నా మాట విను. బండి రాగానే కోడ్‌లు చెరిపే బొత్తాం మీదకు వేలు పోనివ్వకు. కోడ్‌తో పాటు ఆ క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ దాచిపెడుతుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. చెరిపితే అదీ పోతుంది. నోటుపుస్తకంలో రాసుకో: ఆర్‌పీఎం ఎంత, వేగం ఎంత, లోడు ఎంత శాతం, కూలెంట్ ఎన్ని డిగ్రీలు. 2,300 ఆర్‌పీఎం, వేగం 35, లోడు 90 శాతం పైన అని ఉంటే సరుకుతో ఎత్తు ఎక్కుతుండగా వచ్చిందన్నమాట. వేగం సున్నా ఉండి ఐడిల్‌లో వచ్చిందంటే అది వేరే కథ.

కోడ్‌ల స్వభావం కూడా చూడు. పి 0299 ఒత్తిడి తక్కువని, పి 0234 ఒత్తిడి ఎక్కువని చెబుతాయి. ఇవి గాలి గురించిన ఫిర్యాదులు. పి 0237, పి 0238 వేరు. బూస్ట్ సెన్సార్ నుంచి వచ్చే వోల్టేజీ ఉండవలసినదానికన్నా తక్కువో ఎక్కువో ఉందని చెబుతాయి, అంటే వైరు, కనెక్టర్ లేదా సెన్సార్. రెండు రకాలూ కలిసి ఉంటే ముందు వైరు సంగతి తేల్చు. అబద్ధం చెప్పే సెన్సార్‌ను నమ్మి గాలి కోసం వెతికితే రోజంతా పోతుంది.

బ్యాటరీ చూడకుండా ఏదీ మొదలుపెట్టకు. ఆగి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు పైన, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. నీరసించిన బ్యాటరీ ఉన్న బండిలో స్టార్ట్ చేసేటప్పుడు సంబంధం లేని కోడ్‌లు నాలుగు పుట్టుకొస్తాయి.

తరువాత పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో పెట్టి, స్కానర్ లైవ్ డేటాలో బూస్ట్ సెన్సార్ రీడింగ్ చూడు. ఇంజిన్ తిరగడం లేదు కాబట్టి అది బయటి గాలి ఒత్తిడినే చూపాలి. సముద్ర మట్టం దగ్గర అది 101 కిలోపాస్కల్. మన హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ సుమారు 95 చూపుతుంది. దాన్ని చూసి సెన్సార్ పోయిందనుకోకు, పుస్తకంలో 101 అని ఉందని కంగారు పడకు. బండిలో బయటి గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్ వేరుగా ఉంటే రెండూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి 95, ఇంకొకటి 120 అంటే టర్బో వైపు చూడనే అక్కరలేదు.

సెన్సార్ సరిగ్గా ఉంటే అప్పుడు గాలి దారి పట్టుకో. ఎయిర్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టి టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, మానిఫోల్డు దాకా చేత్తో తడుముకుంటూ వెళ్లు. చూస్తే చాలదు, తడమాలి. పోయిన వేసవిలో బాటసింగారం మార్కెట్‌కు బత్తాయి తోలే బండి వచ్చింది. వేరే చోట బూస్ట్ సెన్సార్ రెండుసార్లు మార్చారు, ఇక టర్బోయే అన్నారట. ఖాళీగా నడిపితే ఏ లోపమూ లేదు. సరుకు వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కితే మాత్రం నల్ల పొగ, బుస్సుమని చప్పుడు, ఆ వెంటనే లైటు. నేను ఇంటర్‌కూలర్ నుంచి మానిఫోల్డుకు వెళ్లే హోస్ పైపు మీద చెయ్యి వేశాను. పైనంతా పొడిగా ఉంది. కింద పొట్ట వైపు వేళ్లు పోనిస్తే జిడ్డు తగిలింది, దాని మీద దుమ్ము పేరుకుని మెత్తటి ముద్దలా ఉంది. ఇనుప బ్రాకెట్‌కు రాసుకుని రాసుకుని అక్కడ వేలెడు పొడవున చీలింది. చేత్తో పైపు వంచితే తప్ప ఆ చీలిక నోరు తెరవదు. ఖాళీ బండిలో ఒత్తిడి తక్కువ కాబట్టి మూసుకునే ఉంటుంది, సరుకు బరువుకు టర్బో గట్టిగా ఊదితే విచ్చుకుంటుంది. లోపలికి వచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ దాటాక గాలి పోతోంది కాబట్టి కంప్యూటర్‌కు గాలి లెక్క ఎక్కువగానే కనబడుతుంది, దానికి తగ్గట్టు డీజిల్ పోస్తుంది, సిలిండర్లో నిజంగా అంత గాలి ఉండదు. ఆ నల్ల పొగ అక్కడిది. హోస్ మార్చి, బ్రాకెట్ వంచి, మధ్యలో రబ్బరు ముక్క పెట్టి పంపాను. మొన్న మామిడి రోజుల్లో అదే బండి పెట్టెలతో వచ్చి ఆగింది, ఆయిల్ మార్పించుకుని వెళ్లింది.

చీలిక చేతికి దొరకకపోతే టర్బోకు వెళ్లే పైపు తీసి మూత బిగించి, దానికి గాలి ఇచ్చి, కీళ్ల దగ్గర సబ్బు నీళ్లు పూయి. అర బార్ చాలు. పంక్చర్ షాపు కంప్రెసర్ ఒత్తిడి అంతా లోపలికి వదిలితే సీళ్లు పోతాయి.

వాక్యూమ్ గొట్టాల విషయంలో ఒక మెలిక ఉంది, దీన్ని బాగా పట్టుకో. వాక్యూమ్‌తో రెక్కలు కదిలే టర్బోలో ఆ గొట్టం తెగితే రెక్కలు తెరుచుకునే ఉండి ఒత్తిడి పడిపోతుంది, పి 0299 వస్తుంది. బూస్ట్ ఒత్తిడితోనే తెరుచుకుని, టర్బోను తిప్పే పొగలో కొంత పక్కకు వదిలే వేస్ట్‌గేట్ ఉన్న టర్బోలో గొట్టం ఊడితే గేటు తెరుచుకోదు, ఒత్తిడి హద్దు దాటి పి 0234 వస్తుంది. తెగినది గొట్టమే, కోడ్‌లు మాత్రం ఎదురెదురు. కాబట్టి ఆ బండిలో ఏ రకం ఉందో ముందు తెలుసుకో. చేతి వాక్యూమ్ పంపు తగిలించి లాగితే యాక్చుయేటర్ కడ్డీ మెల్లగా, ఎక్కడా పట్టుకోకుండా కదలాలి, లాగి వదిలేసినా పంపు మీటరు ముల్లు నిలవాలి. ముల్లు జారిపోతే లోపలి పొర చిరిగింది. కడ్డీ మధ్యలో తట్టుకుంటే రెక్కలకు మసి పట్టింది. రోజంతా ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకే బళ్లకు ఇది ఎక్కువ. మసి పట్టిన రెక్కలు మూసుకున్న చోట ఇరుక్కుపోతే అప్పుడూ పి 0234 వస్తుంది.

ఇక వైరింగ్. వానలు మొదలయ్యాయి కదా, నీకు ఈ పని ఎక్కువగా తగులుతుంది. బూస్ట్ సెన్సార్ లాంటి వాటికి 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సిగ్నల్ అని మూడు తీగలు ముఖ్యం. తాళం ఆన్‌లో పెట్టి, కనెక్టర్ ఊడదీసి సరఫరా పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే 5 వోల్టులు రావాలి. ఒకే 5 వోల్టుల లైను మీద నాలుగైదు సెన్సార్లు ఉంటాయి, వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే అన్నింటికీ సరఫరా పడిపోతుంది. 5 వోల్టుల సరఫరా పడిపోయిందని చెప్పే పి 0642తో పాటు వరుసగా అర డజను కోడ్‌లు కనిపిస్తే అర డజను సెన్సార్లు పోలేదు. ఆ లైను మీద ఉన్నవి ఒక్కొక్కటీ ఊడదీస్తూ మీటరు చూడు. ఏది ఊడదీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో దొంగ అదే. తీగకు సూది గుచ్చి వోల్టేజీ చూసే అలవాటు మానుకో, ఆ రంధ్రంలోంచి వాన నీరు దిగి ఆరు నెలల్లో లోపలి రాగి ఆకుపచ్చగా మారుతుంది. మీటరు లావుపాటి ముల్లును పిన్నులోకి నెట్టవద్దు కూడా, పిన్ను వదులైతే కొత్త రోగం నువ్వే పెట్టినట్టు. కనెక్టర్ వెనక నుంచి సన్నటి ముల్లు పోనివ్వు.

ఉష్ణోగ్రత సెన్సార్లు తేలిక. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే కూలెంట్, లోపలికి వచ్చే గాలి రెండూ ఇంచుమించు ఒకే డిగ్రీ చూపాలి. హైదరాబాద్‌లో మైనస్ 40 డిగ్రీలు చూపితే తీగ తెగిందనో కనెక్టర్ ఊడిందనో అర్థం. రెండు తీగల సెన్సార్ అయితే కనెక్టర్ తీసి ఆ రెండు పిన్నులను చిన్న వైరుతో కలుపు. రీడింగ్ ఒక్కసారిగా పై హద్దుకు ఎగబాకితే వైరింగ్ మంచిదే, సెన్సార్ మార్చు. మూడు తీగల వాటి మీద ఈ పని ఎప్పుడూ చేయకు.

మాఫ్ సెన్సార్ మురికి పడితే దానికోసం తయారైన స్ప్రేతోనే కడుగు. లోపలి సన్న తీగకు గుడ్డ గాని వేలు గాని తగలకూడదు. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయినా మాఫ్ రీడింగ్ తగ్గి నల్ల పొగ వస్తుందని గుర్తుంచుకో, దానికి మాఫ్‌ను నిందించకు. రైలులో డీజిల్ ఒత్తిడి చాలడం లేదని పి 0087 వస్తే డీజిల్ ఫిల్టర్‌తో మొదలుపెట్టు. ఒక్క హెచ్చరిక: ఇంజిన్ నడుస్తుండగా డీజిల్ రైలు పైపుల దగ్గర లీకు కోసం చెయ్యి పెట్టవద్దు. లోడులో అక్కడ 1,600 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది, సూది మొనంత ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. నా పక్క షెడ్డు కుర్రాడు అలా ఒక వేలు పోగొట్టుకున్నాడు. ఇది రాసేటప్పుడు నీ చేతులే కళ్ల ముందు మెదిలాయి.

ఇవన్నీ దాటాక కూడా ఒత్తిడి రాకపోతే అప్పుడు టర్బో విప్పు. ఇరుసు కొన పట్టుకుని పక్కలకు కదుపు, కొంచెం ఆడుతుంది. అది ఆయిల్ పొర మీద తేలే బేరింగ్, అంత ఆట సహజం. ముందుకు వెనక్కు లాగితే మాత్రం చేతికి ఆట తెలియకూడదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపిస్తే ఇక అది పోయినట్టే. హోస్‌లో పలుచటి ఆయిల్ తడి చూసి తీర్పు చెప్పకు, ఇంజిన్ ఊపిరి గొట్టం నుంచి అంత తడి వస్తూనే ఉంటుంది. నిజంగా మార్చవలసి వస్తే, పాతది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది పెట్టకు. ఆయిల్ వచ్చే పైపు, పోయే పైపు మసితో పూడుకుని ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది. ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్ కడిగించు, లేకపోతే ఇంజిన్ దాన్నే తాగి, తాళం తీసినా ఆగకుండా తిరుగుతుంది. స్టార్ట్ చేసే ముందు టర్బోలో కొంచెం మంచి ఆయిల్ పోయడం మరచిపోకు.

పని అయ్యాక కోడ్ చెరిపి, సరుకుతోనే నడిపి చూడు. ఖాళీ బండి నడిపి బాగైందనడం నాకు నచ్చదు. యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఎత్తు మీద లైటు వెలిగిందో ఆ ఎత్తే ఎక్కించు. కంప్యూటర్ కోరిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి రెండూ లైవ్ డేటాలో పక్కపక్కన పెట్టుకుని చూస్తే నీకు తెలిసిపోతుంది.

మొన్నటి ఆ బండి ఇంకా నీ దగ్గరే ఉంటే టర్బో ఆర్డరు ఆపు. ఆదివారం పొద్దున్నే నా చేతి వాక్యూమ్ పంపు తీసుకుని వస్తాను, ఇద్దరం కలిసి హోస్ పైపులు తడుముదాం. ఆ యజమానిని కూడా అక్కడే ఉండమను.

ఇట్లు,
మీ మామయ్య